ముదిరే జబ్బు ఉన్న ఇంట్లో ఇంటి రుణం: ఏ దారి ఎవరికి నప్పుతుంది

బ్యాంకులో సంతకాలు పెట్టిన రోజు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. రుణ ఒప్పందం, తనఖా పత్రాలు, ఖాతాలోంచి ఈఎంఐ తీసుకోవడానికి అనుమతి, అన్నీ కలిపి నలభైకి పైగా కాగితాలు. మొదటి పేజీలో మావారి సంతకం బాగానే ఉంది. పదో పేజీకి అక్షరాలు చిన్నవయ్యాయి. ఇరవయ్యో పేజీకి ఆవగింజలంత అయ్యాయి. పార్కిన్సన్స్ ఉన్నవారి చేతిరాత రాస్తున్న కొద్దీ ఇలాగే కుంచించుకుపోతుంది. ఆయన కలం పక్కన పెట్టి, చేయి విదిలించుకుని కాసేపు ఆగారు. ఆ విరామంలో నేను తర్వాతి కాగితం చదివాను.

అది రుణానికి సంబంధించిన కాగితం కానే కాదు. గ్రూపు జీవిత బీమా దరఖాస్తు. 'నాడీ వ్యవస్థకు సంబంధించిన జబ్బు నాకు లేదు, ఎప్పుడూ చికిత్స తీసుకోలేదు' అన్న వాక్యం పక్కన అప్పటికే టిక్కు పెట్టి ఉంది. కింద 1,80,000 రూపాయల ప్రీమియం, దాన్ని రుణంలో కలుపుతామన్న వాక్యం. "అందరూ పెట్టే సంతకమేనమ్మా" అన్నారు ఎదురుగా కూర్చున్న అధికారి. ఆయన మాటలో చెడు ఉద్దేశం నాకు కనిపించలేదు. కానీ మేము ఆ సంతకం పెట్టి ఉంటే, మొదటి మూడేళ్లలో మావారికి ఏమైనా అయితే ఆ అబద్ధపు వాక్యాన్ని చూపించి బీమా కంపెనీ సొమ్ము ఇవ్వనని చెప్పగలిగేది. పైగా 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లలో ఆ 1,80,000 కోసం మేము కట్టేది దాదాపు 3,75,000.

ఇదంతా ముందుగా చెప్పడానికి కారణం ఉంది. మన దగ్గర ఇంటి రుణానికి సాధారణంగా ఆరోగ్య పరీక్ష ఉండదు. బ్యాంకు చూసేది ఆదాయం, వయసు, సిబిల్ స్కోరు (పాత అప్పులు ఎలా తీర్చామో చూపే అంకె), ఆస్తి పత్రాలు. మేము తిరిగిన నాలుగు చోట్లా రుణ దరఖాస్తులో జబ్బుల ప్రశ్న ఒక్కటి కూడా లేదు. ఆరోగ్యం గురించి అడిగేది బీమా పత్రం. ఆ రెండింటినీ ఒకే కట్టలో పెట్టడం వల్ల, 'జబ్బు ఉందంటే రుణం రాదేమో' అన్న భయంతో చాలామంది నిజం దాచి సంతకం పెడుతున్నారు. ఆ భయానికి ఆధారం లేదు. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాము నరాల పొర దెబ్బతినే జబ్బు), కండరాల క్షీణత వంటివాటిని గుర్తించిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్, ఆస్తి కలిగి ఉండే హక్కు, బ్యాంకు రుణాలూ తనఖా రుణాలూ పొందే హక్కు ఇతరులతో సమానంగా ఉండేలా ప్రభుత్వాలు చూడాలని స్పష్టంగా చెబుతోంది.

కాబట్టి ఈ వ్యాసంలో 'రుణం వస్తుందా' అన్న ప్రశ్నకు పెద్దగా చోటు ఇవ్వడం లేదు. ఏ రకం రుణం, ఎవరి పేరు మీద, ఎన్నేళ్లకు తీసుకుంటే జబ్బు ముదిరిన రోజున కూడా ఇల్లు నిలుస్తుందన్నదే నా లెక్క.

ముందు జబ్బు నడక చూడండి

ముదిరే జబ్బులన్నీ ఒకే వేగంతో నడవవు. పార్కిన్సన్స్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ వంటివి చాలామందిలో ఏళ్ల తరబడి మెల్లగా సాగుతాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ చాలామందిలో దఫాలు దఫాలుగా వస్తుంది: కొన్ని నెలలు మంచం పట్టిస్తుంది, మళ్లీ ఏడాదో రెండేళ్లో వదిలేస్తుంది. మూత్రపిండాల జబ్బు చాలాకాలం పైకి పెద్దగా తెలియకుండా నడిచి, డయాలసిస్ మొదలైన రోజు నుంచి బతుకు గడియారాన్నే మార్చేస్తుంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు అంటే ఉద్యోగంలో ఎంత మిగులుతుందో లెక్క వేసుకోవచ్చు. కండరాలను నడిపే నరాలు దెబ్బతినే మోటార్ న్యూరాన్ జబ్బు చాలా వేగంగా ముదురుతుంది.

నాడీ వైద్యుడిని నేను ఒకే ప్రశ్న అడిగాను: "ఇప్పుడు చేస్తున్న ఉద్యోగాన్ని ఈయన ఎన్నేళ్లు చేయగలరని మీరు నమ్మకంగా చెప్పగలరు?" ఆయన కాసేపు ఆలోచించి, "ఐదేళ్లు ధైర్యంగా చెబుతాను, ఆ పైన మనిషిని బట్టి" అన్నారు. మా ప్రణాళిక అంతా ఆ ఐదేళ్ల చుట్టూ కట్టుకున్నాం. మీరూ ఆ అంకె తెలుసుకున్నాకే వడ్డీ రేట్ల పట్టిక తెరవండి. పావు శాతం వడ్డీ తేడా కోసం నెల రోజులు తిరిగి, ఆదాయం ఎన్నాళ్లు వస్తుందో పది నిమిషాలు కూడా మాట్లాడుకోని కుటుంబాలను నేను చూశాను.

ఉద్యోగం ఎక్కడన్నదీ ఇక్కడే తేలాలి. ప్రభుత్వ సంస్థలో ఉన్నవారికి అదే చట్టంలోని 20వ సెక్షన్ గట్టి రక్షణ. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా కొనసాగించాలి. ప్రైవేటు ఉద్యోగికి ఈ రక్షణ లేదు. అందుకే ఒకే జీతం, ఒకే జబ్బు ఉన్న ఇద్దరికి ఒకే రుణం సరిపోదు. ప్రభుత్వ ఉద్యోగి తన జీతం మీద భరోసాగా రుణం తీసుకోవచ్చు. ప్రైవేటు ఉద్యోగి ఆ వైద్యుడు చెప్పిన అంకె దాటిన తర్వాతి జీతాన్ని లెక్కలోంచి తీసేయాలి.

సొంత దుకాణం, వర్క్‌షాపు, క్లినిక్ నడిపేవారు తమను తాము ఒకటే అడగాలి: నేను మూడు నెలలు కూర్చోలేకపోతే అది నడుస్తుందా? నడవకపోతే మీ స్థానం ప్రైవేటు ఉద్యోగి కంటే ఇరుకైనది, ఈఎంఐని ఆ మేరకు తగ్గించుకోండి.

ఎవరి పేరు మీద?

మూడు దారులు ఉన్నాయి. జబ్బు ఉన్న మనిషి ఒక్కరే తీసుకోవడం, భార్యాభర్తలు కలిసి తీసుకోవడం, ఆరోగ్యంగా ఉన్నవారు ఒక్కరే తీసుకోవడం.

మొదటిది ప్రభుత్వ ఉద్యోగులకూ, ఇంట్లో మరో సంపాదన లేనివారికీ తప్ప నేను సలహా ఇవ్వను. ఆ మనిషి మంచాన పడితే బ్యాంకుతో మాట్లాడటానికి కూడా ఇంట్లో రెండో మనిషికి అధికారం ఉండదు.

కలిసి తీసుకునేటప్పుడు ఒక వల ఉంది. ఇద్దరి జీతాలూ కలిపితే ఎక్కువ రుణం వస్తుందని బ్యాంకు ఆశ చూపిస్తుంది. చాలా బ్యాంకులు నెల ఆదాయంలో దాదాపు సగం వరకు ఈఎంఐకి సరేనంటాయి. మా ఇద్దరి జీతాల మీద 70 లక్షల దాకా ఇస్తామన్నారు. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయినిని, మావారు ప్రైవేటు సంస్థలో ఇంజినీరు. నా ఒక్క జీతం మీద ఎంత వస్తుందో అడిగితే 40 లక్షల దగ్గర ఆగింది. మేము తీసుకున్నది ఆ 40 లక్షలే. ఆగిపోయే అవకాశం ఉన్న జీతాన్ని నమ్ముకుని పెద్ద ఇల్లు కొంటే, అది ఆగిన నెలే ఇల్లు బరువవుతుంది.

అయితే పత్రంలో మావారి పేరు కూడా ఉంది. ఇంటికి ముందుగా కట్టిన సొమ్ములో ఎక్కువ భాగం ఆయన కష్టార్జితం. జబ్బు వచ్చిందని ఆయన పేరు తీసేయడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఇంటికి సహ యజమాని అయితే బ్యాంకులు సాధారణంగా రుణంలోనూ సహ దరఖాస్తుదారుగా చేరమంటాయి. అప్పుడు ఆయన జీతం లెక్కలోకి తీసుకోకుండా పేరు మాత్రమే చేర్చమని అడగవచ్చు. చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి. ఒక్క విషయం మరవవద్దు: పేరు చేరిందంటే అప్పు బాధ్యత ఇద్దరి మీదా పూర్తిగా ఉన్నట్లే, సగం సగం కాదు.

మూడో దారి, అంటే ఇల్లూ రుణమూ ఆరోగ్యంగా ఉన్నవారి పేరు మీదే పెట్టడం, జ్ఞాపకశక్తి, నిర్ణయశక్తి దెబ్బతినే జబ్బుల్లో ఆలోచించదగ్గది. కారణం మన చట్టమే. పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున సంతకం చేసే అధికార పత్రం) రాసిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం రద్దవుతుంది. సరిగ్గా అవసరమైన రోజునే అది పనికిరాదు. ఆ తర్వాత ఇల్లు అమ్మాలన్నా, రుణం మరో బ్యాంకుకు మార్చాలన్నా కోర్టుకు వెళ్లి సంరక్షకుడిని నియమింపజేసుకోవాల్సి వస్తుంది. పెద్దవాళ్లలో మతిమరుపు జబ్బు మొదలై, ఇల్లు ఇంకా కొననివారైతే ఈ దారి వైపే నేను మొగ్గుతాను. ఆ మనిషికి జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కును విడిగా రాయించి ఇవ్వడం మాత్రం మరచిపోకండి.

కాలవ్యవధి: నేను ఎక్కువగా ఆగేది ఇక్కడే

40 లక్షలు, 8.5 శాతం వడ్డీ అనుకుందాం. 20 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ 34,713. మొత్తం కట్టే వడ్డీ దాదాపు 43.3 లక్షలు. అదే 12 ఏళ్లకు అయితే ఈఎంఐ 44,402, వడ్డీ దాదాపు 23.9 లక్షలు. ఎవరిని అడిగినా, 'సంపాదన ఉన్నప్పుడే త్వరగా తీర్చేయండి, 12 ఏళ్లే పెట్టుకోండి' అంటారు. మా బంధువులందరూ అదే అన్నారు. ముఖ్యంగా జబ్బు ఉన్న ఇంట్లో అప్పు ఎక్కువకాలం ఉండకూడదన్నది వారి బాధ.

వారు చెప్పిన లక్ష్యం సరైనదే. దారి మాత్రం ప్రమాదకరం. 44,402 అని ఒప్పందంలో రాసుకుంటే ప్రతి నెలా కట్టి తీరాలి. జబ్బు ముదిరి జీతం సగమైన నెలలో కూడా కట్టాలి. 20 ఏళ్లకు రాసుకుని, ప్రతి నెలా 34,713కు తోడు 9,689 అదనంగా కట్టుకుంటూ పోతే అప్పు అదే 12 ఏళ్లలో తీరుతుంది, వడ్డీ కూడా అంతే అవుతుంది. తేడా అంతా తప్పనిసరి ఎంత, ఐచ్ఛికం ఎంత అన్నదే. చేయి ఆడని నెలలో ఆ 9,689 మానేస్తే ఎవరూ నోటీసు పంపరు. వ్యక్తులు సొంత అవసరాలకు తీసుకున్న చలన వడ్డీ (రేటు ఎప్పటికప్పుడు మారే, ఫ్లోటింగ్) రుణాలకు ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది కాబట్టి ఈ పద్ధతికి ఖర్చేమీ లేదు. స్థిర వడ్డీ రుణాల్లో రుసుము ఉండవచ్చు. అందుకే మాలాంటివారికి చలన వడ్డీయే మేలు.

పెద్ద మొత్తం ఒకేసారి కట్టినప్పుడు 'కాలం తగ్గించాలా, ఈఎంఐ తగ్గించాలా' అని బ్యాంకు అడుగుతుంది. మామూలు సలహా కాలం తగ్గించుకోమని. మనకు ఈఎంఐ తగ్గించుకోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. తగ్గిన మేర మీరే అదనంగా కట్టుకుంటే కాలం ఎలాగూ తగ్గుతుంది. తప్పనిసరి భారం మాత్రం శాశ్వతంగా దిగుతుంది.

20 ఏళ్లకు తీసుకుని అదనంగా ఏమీ కట్టకుండా ఊరుకోవడం కూడా ప్రమాదమే. పదేళ్లు క్రమం తప్పకుండా ఈఎంఐ కట్టినా 40 లక్షల్లో ఇంకా దాదాపు 28 లక్షలు మిగిలి ఉంటాయి. మొదటి ఏళ్లలో కట్టేదాంట్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. జబ్బు మెల్లగా ఉన్న ఆ మొదటి ఐదేళ్లే అసలు తగ్గించుకునే కాలం.

ఇక్కడ మరో చిక్కు వస్తుంది. ముందుగా కట్టేసిన సొమ్ము తిరిగి రాదు. నెలకు 9,689 చొప్పున రెండేళ్లు కట్టాక అకస్మాత్తుగా శస్త్రచికిత్సకు లక్షలు కావలసి వస్తే, బ్యాంకు ఆ సొమ్ము వెనక్కి ఇవ్వదు. దీనికి జవాబు ఓవర్‌డ్రాఫ్టు రకం ఇంటి రుణం. స్టేట్ బ్యాంకు మ్యాక్స్‌గెయిన్ వీటిలో అందరికీ తెలిసిన పేరు. మరికొన్ని బ్యాంకుల్లోనూ వేరే పేర్లతో ఉంది. మీ రుణం ఒక ఖాతాలా ఉంటుంది. అందులో మిగులు సొమ్ము వేస్తే, ఉన్నన్ని రోజులు అంత మేరకు వడ్డీ పడదు. అవసరమైనప్పుడు ఆ సొమ్ము తీసుకోవచ్చు. వడ్డీ రేటు మామూలు రుణం కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. ఆరోగ్యవంతుల ఇంట్లో ఆ కాస్త ఎక్కువ దండగ కావచ్చు. ముదిరే జబ్బు ఉన్న ఇంట్లో అది నేను సంతోషంగా కట్టే ఖరీదు. అత్యవసర నిధి అని విడిగా పొదుపు ఖాతాలో పెట్టుకునే సొమ్మంతా ఇక్కడే ఉంటూ 8.5 శాతం వడ్డీ ఆదా చేస్తుంది.

నిరుడు మావారికి మందులు మార్చాల్సి వచ్చింది. కొత్త మోతాదు కుదురుకునేసరికి మూడు నెలలు పట్టింది, అందులో రెండు నెలలు జీతం లేని సెలవు. ఆ మూడు నెలలూ అదనపు సొమ్ము వేయలేదు, పైగా ఇలాంటి మా రుణ ఖాతాలోంచి 60,000 తీశాం. బ్యాంకుకు ఉత్తరం రాయలేదు, ఎవరి దగ్గరా చేయి చాచలేదు. నాలుగో నెల నుంచి మళ్లీ వేయడం మొదలుపెట్టాం. ఆ రుణాన్ని 12 ఏళ్లకు రాసుకుని ఉంటే ఆ మూడు నెలలు ఎలా గడిచేవో నేను ఊహించుకోదలచుకోలేదు.

మామూలుగా ఆరు నెలల ఈఎంఐలు చేతిలో ఉంచుకోమంటారు. మీరు పన్నెండు ఉంచుకోండి. పై లెక్కలో అది 4,17,000 దాకా అవుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ లాగా దఫాలుగా వచ్చే జబ్బులకు ఈ ఓవర్‌డ్రాఫ్టు పద్ధతి మరీ సరిగ్గా అతుకుతుంది. మంచి నెలల్లో నింపడం, చెడ్డ నెలల్లో తీసుకోవడం.

ముందుగా చేతి నుంచి ఎంత పెట్టాలన్నది కూడా దీనితోనే తేలుతుంది. 30 లక్షల లోపు రుణానికి ఇంటి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆ పైన 75 శాతం వరకు ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు పరిమితి. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ ఖర్చు సాధారణంగా ఇందులో కలవవు, అవి మన చేతి నుంచే. ఉన్న పొదుపంతా ఇంటిలో పోసేసి అప్పు తగ్గించుకోవాలన్న ఆరాటం సహజం. ఆగండి. ఇంటి గోడలోకి వెళ్లిన సొమ్ము ఆసుపత్రి బిల్లుకు రాదు.

బీమా

బీమా తీసుకుంటేనే రుణం అన్న నిబంధన చట్టంలోనూ లేదు, రిజర్వు బ్యాంకు ఆదేశాల్లోనూ లేదు. మేము ఆ పత్రం వద్దన్నాక రుణం ఆగలేదు, రెండు రోజులు ఆలస్యమైంది. ఇంటికి అగ్నిప్రమాద బీమా వేరు. అది తక్కువ ఖర్చుది, తీసుకోండి. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి ఇంటి రుణానికీ కీలక వివరాల పత్రం ఇవ్వాలి. బ్యాంకు ద్వారా వసూలు చేసే బీమా ఖర్చు కూడా అందులో కనిపించాలి. సంతకానికి ముందు దాన్ని ఇంటికి తెచ్చుకుని చదవండి.

జబ్బు బయటపడక ముందే తీసుకున్న టర్మ్ పాలసీ (చనిపోతేనే సొమ్ము వచ్చే జీవిత బీమా) ఉంటే దానికి మించింది లేదు. ఒక్క ప్రీమియం కూడా తప్పనివ్వకండి, కొత్త పాలసీ దొరుకుతుందన్న ఆశతో పాతది మానేయకండి. జీవిత బీమా పాలసీ మొదలై మూడేళ్లు దాటాక దాన్ని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదని బీమా చట్టం 45వ సెక్షన్ చెబుతోంది. ఆఫీసు ఇచ్చే గ్రూపు బీమా మాత్రం ఉద్యోగంతోనే పోతుంది, దాన్ని ఇంటి రుణానికి భరోసా అనుకోవద్దు.

కొత్తగా తీసుకోవాలంటే బ్యాంకు అమ్మే గ్రూపు పాలసీ కంటే విడి టర్మ్ పాలసీకి జబ్బు వివరాలన్నీ చెప్పి దరఖాస్తు చేయడం మేలు. ప్రీమియం పెంచి ఇవ్వవచ్చు, వాయిదా వేయవచ్చు, కాదనవచ్చు. ఒకచోట కాదంటే తర్వాతి దరఖాస్తుల్లో ఆ సంగతి చెప్పాల్సి వస్తుంది కాబట్టి ఒకేసారి ఐదు చోట్ల వేయకండి.

ఇక్కడ చాలా కుటుంబాలు పొరబడే చోటు ఒకటి ఉంది. అందరూ జబ్బు ఉన్న మనిషికి బీమా కోసం పరుగులు తీస్తారు. రుణం ఎవరి జీతం మీద నిలబడిందో వారికి బీమా ఉందా అని చూసుకోరు. మా ఇంట్లో ముందుగా బీమా కావలసింది నాకు. నాకు ఏమైనా అయితే మావారు ఒక్కరే ఆ ఈఎంఐ మోయలేరు. నా పేరు మీద రుణానికి సమానమైన టర్మ్ పాలసీ తీసుకున్నాకే మిగతా పనులు చూశాం. పైగా జీవిత బీమా చావుకు మాత్రమే సొమ్ము ఇస్తుంది. ముదిరే జబ్బుల్లో ఎక్కువగా జరిగేది ప్రాణం నిలిచి, సంపాదన తగ్గడం. దానికి పన్నెండు నెలల నిల్వే మందు.

బ్యాంకా, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీయా?

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్త చలన వడ్డీ ఇంటి రుణాలను రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటు) వంటి బయటి కొలమానానికి ముడిపెట్టాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన లేదు, వడ్డీలు తగ్గినా ఆ మేలు ఆలస్యంగా అందవచ్చు. ఆదాయ పత్రాలు సరిగ్గా లేని సొంత వృత్తివారికి మాత్రం ఆ కంపెనీలు కొంత పట్టువిడుపు చూపిస్తాయి. ప్రభుత్వ బ్యాంకులో పని నిదానం. ప్రైవేటు బ్యాంకులో వేగం ఉన్నా బీమా అంటగట్టే ఒత్తిడి మాకు ఎక్కువగా కనిపించింది. నా దృష్టిలో అసలు తేడాలు రెండే: అదనపు చెల్లింపు శాఖకు వెళ్లకుండా ఫోనులోనే చేయగలమా, ఓవర్‌డ్రాఫ్టు రకం దొరుకుతుందా.

బ్యాంకు మీద ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, 14448 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు రాయాలి.

పన్ను లెక్క ఒకసారి చేసుకోండి. సొంతంగా నివసించే ఇంటి వడ్డీ మీద 2 లక్షల వరకు మినహాయింపు, 40 శాతం వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి 75,000, 80 శాతం ఉంటే 1,25,000 మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉన్నాయి. రెండూ కలిసే ఇళ్లలో కొత్త విధానం కంటే పాతదే లాభం కావచ్చు.

ఈఎంఐ కష్టమయ్యే సూచన కనిపిస్తే మొదటి వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి కాలం పొడిగించమని రాతపూర్వకంగా అడగండి. 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయి అవుతుంది. ఆ తర్వాత కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. అంత దాకా మౌనంగా ఉన్నవారి మాటకు విలువ తగ్గిపోతుంది.

ఇల్లే సరిపోవాలి కదా

నిర్మాణంలో ఉన్న ఫ్లాటు ధర ఆకర్షిస్తుంది. కానీ ఒకవైపు అద్దె, మరోవైపు బ్యాంకు వడ్డీ, తాళాలు ఎప్పుడు ఇస్తారో తెలియని ఎదురుచూపు. మీకు ఉన్న మంచి ఐదేళ్లలో రెండేళ్లు ఎదురుచూపులోనే పోతాయి. నివాస యోగ్యతా పత్రం వచ్చిన సిద్ధమైన ఇంటికి జీఎస్టీ కూడా ఉండదు. నేనైతే పది సంవత్సరాల పాత ఇల్లయినా సిద్ధమైనదే ఎంచుకుంటాను.

చూడటానికి వెళ్లిన ప్రతి ఇంట్లో నేను చూసింది వంటగది కాదు, స్నానాల గది తలుపు. చక్రాల కుర్చీ ఇబ్బంది లేకుండా వెళ్లాలంటే మూడు అడుగుల వెడల్పు కావాలి. చాలా ఫ్లాట్లలో అది రెండున్నర కూడా లేదు. మెట్లు ఉన్నచోట వాలుదారి కట్టాలంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి, అంత స్థలం ఉందా? లిఫ్టుకు జనరేటరు ఉందా? డూప్లెక్సులు మొదటి రోజే వదిలేశాం.

గడప సంగతి నాకు ముందు తట్టలేదు. పార్కిన్సన్స్‌లో కొందరికి గుమ్మం దగ్గరకు రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోతాయి. మేము ఇష్టపడిన ఒక ఇంటిలో పసుపు రాసిన ఎత్తైన గడప దగ్గర మావారు అర నిమిషం అలాగే నిలబడిపోయారు. ఇల్లు అమ్మేవారు మర్యాదగా చూపు తిప్పుకున్నారు. మేము కొన్న ఇంట్లో వీధి గుమ్మానికి తప్ప లోపల ఎక్కడా గడపలు లేవు.

అసలు కొనకపోవడం కూడా ఒక ఎంపికే. జబ్బు వేగంగా ముదిరేదైతే, ఆసుపత్రికి దగ్గర్లో కింది అంతస్తు ఇల్లు అద్దెకు తీసుకుని పొదుపును చేతిలో ఉంచుకోమనే చెబుతాను. ఏడాదికోసారి అవసరాలు మారిపోతున్నప్పుడు ఇరవై ఏళ్ల అప్పు ఆ మనిషికీ, చూసుకునేవారికీ ఊపిరి ఆడనివ్వదు. అద్దె ఇంట్లో చేతికి పట్టుకునే కడ్డీలు బిగించుకోవడానికి యజమాని దగ్గర ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

సంతకం మారుతుంది

చేతిరాత మారిపోతున్నవారు రుణానికి ముందే బ్యాంకులో కొత్త నమూనా సంతకం ఇవ్వండి. ఈఎంఐ అనుమతి పత్రం మీద సంతకం సరిపోలలేదని మాకు ఒకసారి తిరిగి వచ్చింది. చేయి బొత్తిగా సహకరించని రోజు వస్తే వేలిముద్రతో ఖాతా నడిపే వీలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలు ఉన్నాయి. ఇద్దరు సాక్షులు కావాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఈఎంఐ వెళ్లే ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపేలా ఉమ్మడిగా పెట్టుకోండి.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి రాలేని స్థితిలో ఉంటే, ప్రత్యేక కారణం చూపి ఇంటికే వచ్చి రిజిస్ట్రేషన్ చేయమని అడిగే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. మేము మాత్రం వెళ్లాం. మాత్ర వేసుకున్న గంట తర్వాత ఆయన చేయి కాస్త కుదురుగా ఉంటుంది, అందుకని ఆ వేళకు సరిపోయేలా సమయం అడిగి తీసుకున్నాం.

వీలునామాలు కూడా ఆ నెలలోనే రాసుకున్నాం. రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలని, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున చెల్లించాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. రుణగ్రహీత మరణిస్తే వారసులకు పత్రాలు ఎలా ఇస్తారో కూడా బ్యాంకు ముందే ప్రకటించాలి. బ్యాంకుకు ఇచ్చిన పత్రాల జాబితా, దాని మీద అధికారి సంతకం, మా ఇద్దరి వీలునామాలు ఒకే కవరులో బీరువాలో ఉన్నాయి. అది ఎక్కడ ఉందో మా అమ్మాయికి చూపించాం.